పక్క బెంచీలో ఎవరు? – అమెరికా బడిలో పేదరికం, జాతి, సహనం

దక్షిణ కరోలినాలో 1740లో ఒక చట్టం వచ్చింది. బానిసకు రాత నేర్పినవాడు వంద పౌండ్ల జరిమానా కట్టాలి. ఇవాళ అదే దేశంలో, టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో, గుంటూరు నుంచి వెళ్లిన ఇంటి పిల్లా, కరీంనగర్ నుంచి వెళ్లిన ఇంటి పిల్లవాడూ నల్లజాతి పిల్లల పక్కన, తెల్లజాతి పిల్లల పక్కన, మెక్సికో మూలాలున్న పిల్లల పక్కన కూర్చుని చదువుకుంటున్నారు. ఈ రెండింటి మధ్య దాదాపు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. చట్టాలు, కోర్టు తీర్పులు అందులో కొంత భాగమే. మిగతాదంతా పంతుళ్లది, పంతులమ్మలది, తల్లిదండ్రులది. చాలాచోట్ల పిల్లలదే.

పేదరికం గురించీ జాతి గురించీ పసివాళ్లకు బడిలో చెప్పాలా వద్దా అని అమెరికా ఇప్పటికీ వాదులాడుకుంటోంది. ఈ చరిత్రను ఒకసారి వెనుదిరిగి చూస్తే బడి వాటిని ఎన్నడూ చెప్పకుండా ఊరుకోలేదని తెలుస్తుంది. ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని గుమ్మంలోనే ఆపారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరి పళ్లెంలో ఏముంది, పుస్తకంలో ఎవరి బొమ్మ ఉంది – ఇవన్నీ పాఠాలే. పంతులు నోటితో చెప్పేదానికంటే వీటిని పిల్లలు త్వరగా పట్టుకుంటారు. మంచిమాటలు చెప్పిన బడులకు ఏ కాలంలోనూ కొదవ లేదు. చెప్పిన మాటా నడిపిన తీరూ ఒక్కటైన చోటనే పిల్లలు మారారు.

చదువే నేరమైన రోజులు

వర్జీనియాలో 1831లో నాట్ టర్నర్ నాయకత్వాన బానిసలు తిరగబడ్డారు. టర్నర్‌కు చదవడం వచ్చు. ఆ తిరుగుబాటును అణచివేశాక దక్షిణాది రాష్ట్రాలు బానిసల చదువు మీద ఆంక్షలు ఇంకా బిగించాయి. అక్షరం వచ్చినవాడు తన బతుకు ఎందుకిలా ఉందని అడుగుతాడని యజమానులకు బాగా తెలుసు.

బానిసత్వం దాదాపు అంతరించిన ఉత్తరాదిలోనూ బడి తలుపులు అందరికీ తెరుచుకోలేదు. కనెటికట్ రాష్ట్రంలోని కాంటర్‌బరీ ఊళ్లో ప్రూడెన్స్ క్రాండల్ అనే యువతి ఆడపిల్లల బడి నడిపేది. తానూ పంతులమ్మను కావాలనుకుంటున్నానని, చేర్చుకోమని 1832లో సారా హారిస్ అనే నల్లజాతి అమ్మాయి అడిగింది. క్రాండల్ చేర్చుకుంది. తెల్లవాళ్లు తమ పిల్లల్ని మాన్పించారు. ఆమె వెనక్కి తగ్గకుండా 1833లో బడిని నల్లజాతి ఆడపిల్లల కోసమే మళ్లీ తెరిచింది. దుకాణదారులు సరుకులు అమ్మడం మానేశారు. బావిలో పెంట వేశారు. ఆ బడిని ఆపడానికే రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. ఆమెను ఒక రాత్రి జైల్లో ఉంచారు. 1834లో ఒక రాత్రి మూక వచ్చి కిటికీలు పగలగొట్టాక, పిల్లల ప్రాణాలకు భయపడి క్రాండల్ బడి మూసేసింది. వెలివేత ఎలా ఉంటుందో తెలుగు పల్లెలకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

బోస్టన్‌లో అయిదేళ్ల సారా రాబర్ట్స్ నల్లపిల్లల బడికి వెళ్లాలంటే దారిలో అయిదు తెల్లపిల్లల బడులు దాటుకుని నడవాలి. తండ్రి కోర్టుకెక్కాడు. నల్లజాతి న్యాయవాది రాబర్ట్ మోరిస్, ఆయనతో కలిసి ఛార్లెస్ సమ్నర్ వాదించారు. 1850లో మసాచుసెట్స్ కోర్టు వాళ్లకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. కానీ ఊరు ఊరుకోలేదు. 1855లో ఆ రాష్ట్రమే బడుల్లో జాతిభేదాన్ని నిషేధించింది.

అదే మసాచుసెట్స్‌లో హొరేస్ మన్ అందరికీ ఉచితంగా చదువు చెప్పే ప్రభుత్వ బడి కోసం పన్నెండేళ్లు శ్రమించాడు. మనుషుల మధ్య ఎచ్చుతగ్గులను సమం చేయగల సాధనం చదువేనని 1848లో తన చివరి నివేదికలో వాదించాడు. ఆ ఆశ గొప్పది. అయితే ఆ బడుల్లో పేదరికం గురించి చెప్పిన పాఠం వేరు. 1836 నుంచి వెలువడిన మెక్‌గఫీ వాచకాలు ఆ శతాబ్దమంతా కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. వాటిలో నిజాయితీగా కష్టపడే పేదపిల్లవాడికి చివరకు మేలు జరుగుతుంది, సోమరి చెడిపోతాడు. పేదరికానికి కూలిరేట్లతో, భూమితో, చర్మం రంగుతో సంబంధముందన్న ఊసు వాటిలో కనబడదు. పేదవాడు పేదగా మిగిలితే తప్పు అతనిదేనన్న భావన కొన్ని తరాల పిల్లల మనసుల్లో అలా నాటుకుంది.

మన్ తన చివరి నివేదిక రాసిన 1848లోనే పుణేలో జోతిరావు, సావిత్రిబాయి ఫూలేలు ఆడపిల్లల బడి మొదలుపెట్టారు. జోతిరావు తన ‘గులాంగిరి’ని 1873లో అచ్చువేసినప్పుడు, నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. రెండు ఖండాల పోరాటాలకు చుట్టరికం ఉందని గుర్తించిన తొలితరం మనిషి ఆయన.

రెండు రకాల బడులు, రెండు రకాల పుస్తకాలు

బానిసత్వం పోయాక విముక్తులైన నల్లజాతి ప్రజలు మొదట అడిగిన వాటిలో బడి ఒకటి. తాతలు మనవలతో కలిసి అక్షరాలు దిద్దారు. ఆ ఉత్సాహం మీద 1896లో సుప్రీంకోర్టు నీళ్లు చల్లింది. ప్లెస్సీ కేసు రైలుపెట్టెలకు సంబంధించినది. ‘వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు’ అన్న ఆ తీర్పే బడులకూ ఆధారమైంది. వేరుగా ఉంచడం అక్షరాలా జరిగింది. సమానంగా ఉంచడం ఎక్కడా జరగలేదు.

నల్లపిల్లలే కాదు, ఇంకా చాలామంది గుమ్మం బయట నిలబడ్డారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మేమీ టేప్ అనే చైనా మూలాల పాపను బడిలో చేర్చుకోబోమన్నారు. 1885లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో ఆ కుటుంబం గెలిచింది. వెంటనే శాసనసభ చైనా పిల్లలకు వేరే బడులు పెట్టుకోవచ్చని చట్టం చేసింది. కేసు గెలిచిన పిల్ల వేరు బడికే వెళ్లింది. పెన్సిల్వేనియాలో 1879లో తెరిచిన కార్లైల్ బడిది మరో తీరు. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష నోట రాకుండా చేశారు. పిల్లవాడిని కలుపుకోవడమంటే అతనిలో తనదైనదాన్ని తుడిచేయడమేనని ఆ బడి నమ్మింది.

పుస్తకాలనూ ఎవరూ వదల్లేదు. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది వీరుల స్మృతిని కాపాడే మహిళా సంఘం ఒకటి చరిత్ర పాఠాలకు కొలబద్ద తయారుచేసింది. మిల్‌డ్రెడ్ రూథర్‌ఫర్డ్ రాసిన ఆ కరపత్రం, దక్షిణాది యజమానిని బానిసల పట్ల క్రూరుడిగా చూపిన పుస్తకాన్ని తిరస్కరించమని చెప్పింది. దశాబ్దాలపాటు దక్షిణాది పిల్లలు చదివిన చరిత్రలో బానిసలు సంతోషంగానే ఉన్నారు.

ఆ కొలబద్దకు ఎదురునిలిచినవాడు కార్టర్ వుడ్‌సన్. తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. బొగ్గుగనుల్లో పనిచేస్తూ ఇరవయ్యో ఏట హైస్కూల్లో చేరాడు. 1912లో హార్వర్డ్‌లో డాక్టరేటు పొందాడు. నల్లజాతి చరిత్రను పరిశోధించేందుకు 1915లో సంఘం పెట్టాడు. 1926 ఫిబ్రవరిలో, లింకన్, ఫ్రెడరిక్ డగ్లస్‌ల పుట్టినరోజులు వచ్చే వారంలో, నల్లజాతి చరిత్ర వారాన్ని మొదలుపెట్టాడు. పల్లెబడుల పంతులమ్మలకు బొమ్మలు, నాటికలు, పాఠాలు తయారుచేసి పంపాడు. తనవాళ్ల చరిత్ర తెలియని పిల్లవాడికి తన మీద తనకు చిన్నచూపు నేర్పుతున్నది బడేనని 1933లో రాసిన పుస్తకంలో నిలదీశాడు. ఆ వారమే 1976లో నెలగా మారింది.

వుడ్‌సన్ సంఘం పెట్టిన రోజుల్లోనే, 1913 నుంచి 1916 వరకు, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బి.ఆర్. అంబేద్కర్ చదువుకున్నారు. జాన్ డ్యూయీ ఆయనకు గురువు. ప్రజాస్వామ్యం అంటే కలిసి బతకడమనీ, బడి ఆ బతుకును నేర్చుకునే చోటనీ డ్యూయీ చెప్పేవాడు. చిన్నప్పుడు తరగతిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టిన పిల్లవాడికి ఆ మాట బలం ఎవరికంటే బాగా తెలుసు. అంబేద్కర్ రాసిన ‘కుల నిర్మూలన’లో డ్యూయీ ప్రభావం స్పష్టంగా కనబడుతుంది.

సహనం పాఠమైన కాలం

సహనాన్ని ఒక పాఠంగా చెప్పాలన్న ఆలోచన 1920లలో ఊపందుకుంది. న్యూజెర్సీలోని వుడ్‌బరీ హైస్కూల్లో రేచల్ డేవిస్ దుబాయిస్ అనే, క్వేకర్ క్రైస్తవ శాఖకు చెందిన పంతులమ్మ, ఇటలీ నుంచి, చైనా నుంచి వచ్చినవాళ్ల గురించి, యూదుల గురించి, నల్లజాతివాళ్ల గురించి బడి సభలు నడిపింది. వాళ్లలోని కళాకారుల్ని, పండితుల్ని పిలిచి పిల్లలతో కూర్చోబెట్టి టీ తాగించింది. ఉపన్యాసం మెదడును తాకుతుంది గానీ భయాన్ని పోగొట్టేది మనిషేనని ఆమె నమ్మకం. 1934లో ఆమె న్యూయార్క్‌లో పెట్టిన సంస్థ ఈ పద్ధతిని ఎన్నో బడులకు పంచింది. నాజీ జర్మనీ భయం ముంచుకొస్తున్న రోజుల్లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు తన బడులన్నిటా ఇలాంటి పాఠాలు పెట్టి దేశమంతటి దృష్టిని ఆకర్షించింది.

1943లో మానవ శాస్త్రవేత్తలు రూత్ బెనెడిక్ట్, జీన్ వెల్ట్‌ఫిష్ ‘ది రేసెస్ ఆఫ్ మ్యాన్‌కైండ్’ అనే చిన్న పుస్తకం రాశారు. జాతుల మధ్య తెలివిలో పుట్టుకతో వచ్చే భేదం లేదని సులభమైన మాటల్లో చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం పెట్టిన పరీక్షల్లో ఉత్తరాది నల్లజాతివాళ్లు కొన్ని దక్షిణాది రాష్ట్రాల తెల్లవాళ్లకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారని చూపించారు. తేడా రక్తంలో లేదు, బడికి పెట్టిన డబ్బులో ఉందని దాని సారం. ఒక దక్షిణాది కాంగ్రెస్ సభ్యుడు మండిపడ్డాడు. సైన్యం ఆ పుస్తకం పంపిణీని ఆపేసింది. అన్ని మతాలూ మంచివే, అన్ని వంటకాలూ రుచిగానే ఉంటాయి అన్నంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. పేదరికాన్నీ జాతినీ ముడిపెట్టి కారణం చెప్పినప్పుడు మాత్రం పుస్తకం మూతపడింది. ఈ కథ తర్వాత కూడా పదేపదే నడిచింది.

ఆ కాలపు సహన పాఠాలకు ఇంకో పెద్ద లోటుంది. దేశంలో చాలా బడుల్లో ఆ పాఠం వినే తెల్లపిల్లవాడి పక్కన నల్లపిల్లవాడు లేడు.

పదహారేళ్ల పిల్ల, ఆరేళ్ల పాప

ఆ గోడను కదిలించింది కూడా పిల్లలే. వర్జీనియాలోని ఫామ్‌విల్‌లో నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూలు 180 మందికి కట్టినది. అందులో 450 మందికి పైగా చదివేవాళ్లు. పట్టనివాళ్లకు తారుకాగితం కప్పిన పాకలు వేశారు. 1951 ఏప్రిల్ 23న పదహారేళ్ల బార్బరా జాన్స్ తోటి విద్యార్థుల్ని సమావేశపరిచి సమ్మె చేయించింది. ఆ సమ్మె నుంచి పుట్టిన కేసు, కన్సాస్‌లోని టొపీకా నుంచి వచ్చిన కేసుతోపాటు మరో మూడు కలిసి బ్రౌన్ కేసుగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి.

ఆ కేసులో మనస్తత్వ శాస్త్రవేత్తలు కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతుల పరిశోధన ముఖ్యమైన సాక్ష్యం. రంగు తప్ప అన్నిటా ఒకేలా ఉన్న బొమ్మలను నల్లజాతి పిల్లల ముందు పెట్టి, ఏ బొమ్మ మంచిది, ఏది చెడ్డది, నీలా ఉన్నది ఏది అని వాళ్లు అడిగారు. ఎక్కువమంది పిల్లలు తెల్లబొమ్మే మంచిదన్నారు. చివరి ప్రశ్నకు కొందరు ఏడ్చేశారు. ఎవరూ నోటితో చెప్పని పాఠాన్ని ఆ పిల్లలు అప్పటికే నేర్చుకున్నారు. 1954 మే 17న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమన్నారు.

తీర్పు తర్వాత జరిగింది తెలిస్తేనే ఈ చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది. బార్బరా జాన్స్ సొంత కౌంటీ అయిన ప్రిన్స్ ఎడ్వర్డ్, పిల్లల్ని కలపడం ఇష్టంలేక 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి తెరిచారు. నల్లపిల్లలకు 1964 దాకా అయిదేళ్లు ప్రభుత్వ బడి లేదు. బడులు కలిపిన చోట్ల నల్లజాతి బడుల్ని మూసి, వాటి పంతుళ్లను ఇంటికి పంపారు. 1954 నుంచి 1965 మధ్య 17 రాష్ట్రాల్లో సుమారు 38 వేలమంది నల్లజాతి ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పిల్లలు కలిశారు గానీ, వాళ్ల బాధ ఎరిగిన పంతుళ్లు పోయారు.

1960 నవంబరు 14న న్యూ ఆర్లీన్స్‌లోని విలియం ఫ్రాంజ్ బడిలోకి ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ ఫెడరల్ మార్షళ్ల రక్షణలో నడిచింది. బయట మూక తిట్లు. లోపల ఖాళీ గదులు, తెల్లవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. బోస్టన్ నుంచి వచ్చిన బార్బరా హెన్రీ అనే పంతులమ్మ ఒక్కతే ఆ పాపకు చదువు చెప్పడానికి ఒప్పుకుంది. ఆ ఏడాదంతా గదిలో ఒక పంతులమ్మ, ఒక పిల్ల. ఒక్క పిల్ల ఉన్న తరగతి కదా అని ఆమె ఏ పాఠాన్నీ తగ్గించలేదు. సహనం మీద ఆ ఏడాది అమెరికాలో జరిగిన అతిగొప్ప బోధన అదేనని నేను నమ్ముతాను.

పళ్లెంలో కనబడే పేదరికం

లిండన్ జాన్సన్ అధ్యక్షుడు కాకముందు, 1928లో, టెక్సస్‌లోని కొటూలా ఊళ్లో మెక్సికన్ మూలాల పిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. ఆకలితో బడికొచ్చే ఆ పిల్లల్ని మరిచిపోలేదని తర్వాత బహిరంగంగా చెప్పుకున్నాడు. 1964 జనవరిలో పేదరికం మీద యుద్ధం ప్రకటించాడు. 1965 ఏప్రిల్ 11న, పేదపిల్లల బడులకు ఫెడరల్ నిధులిచ్చే చట్టం మీద తను మొదట చదువుకున్న బడి దగ్గర, తన తొలి పంతులమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సంతకం చేశాడు. ఆ వేసవిలోనే బడి ఈడుకు రాని పేదపిల్లల కోసం ‘హెడ్ స్టార్ట్’ మొదలైంది.

డబ్బు పంచడంలో ఉన్న అసలు చిక్కు మాత్రం తీరలేదు. అమెరికాలో బడి ఖర్చులో పెద్దభాగం స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ఇళ్ల ధర ఎక్కువున్న పేటలో బడి బాగుంటుంది. శాన్ ఆంటోనియోలో మెక్సికన్ మూలాల పేదలుండే ఎడ్జ్‌వుడ్‌లో 1967–68లో ఒక్కో విద్యార్థికి 356 డాలర్లు ఖర్చుపెడితే, అదే ఊళ్లో సంపన్నుల పేట అయిన ఆలమో హైట్స్‌లో 594 డాలర్లు పెట్టారు. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1973లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఇందులో రాజ్యాంగ ఉల్లంఘన లేదంది. మన తెలుగు కుటుంబాలు అమెరికాలో ఇల్లు కొనేముందు చూసే ‘మంచి స్కూల్ డిస్ట్రిక్ట్’ వెనక ఈ తీర్పు ఉంది. మంచి బడిని మనం ఇంటి ధరతో కొనుక్కుంటున్నాం. కొనలేనివాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో తెలియకుండానే మన పిల్లలు పెరుగుతున్నారు.

అన్నం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. బడి భోజనానికి 1946లోనే జాతీయ చట్టం వచ్చింది. 1969 జనవరిలో ఓక్లండ్‌లోని ఒక చర్చిలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ పిల్లలకు ఉచితంగా ఉదయపు టిఫిన్ పెట్టడం మొదలుపెట్టింది. ఖాళీ కడుపుతో పాఠం ఎక్కదని వాళ్ల వాదన. ప్రభుత్వం 1966లో ప్రయోగంగా పెట్టిన ఉదయపు టిఫిన్ పథకం 1975లో శాశ్వతమైంది. అయినా బాకీ ఉన్న ఇంటి పిల్లవాడి చేతి మీద ముద్ర వేయడం, వేడి భోజనం లాక్కుని చల్లని జున్ను శాండ్‌విచ్ చేతిలో పెట్టడం వంటి అవమానాలు ఈ శతాబ్దంలోనూ సాగాయి. 2017లో న్యూమెక్సికో వాటిని చట్టం ద్వారా నిషేధించింది. 2022–23లో కాలిఫోర్నియా ప్రభుత్వ బడుల్లో ప్రతి పిల్లవాడికీ ఉచిత భోజనం పెట్టింది. ఎవరు పేద అని అడగకుండా అందరికీ ఒకే పళ్లెం పెట్టినప్పుడు పేదరికం సిగ్గుపడాల్సిన విషయం కాదని పిల్లలు నేర్చుకుంటారు. సహపంక్తి భోజనం కోసం పోరాడిన నేల మీద పుట్టినవాళ్లం. దీన్ని మనం అర్థం చేసుకోగలం.

తరగతి గదిలో ప్రయోగాలు

మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ద్వేషం మీద రాసిన పుస్తకంలో ఒక ముఖ్యమైన మాట చెప్పాడు. వేర్వేరు వర్గాల మనుషుల్ని ఊరికే ఒకచోట చేరిస్తే చాలదు. వాళ్లు సమాన హోదాలో ఉండాలి, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేయాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. అప్పుడే వైరం తగ్గుతుంది.

ఈ మాటకు ఋజువు 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో దొరికింది. అప్పుడే కలిపిన బడుల్లో పిల్లలు కొట్టుకుంటున్నారు. ఏం చేయాలని అధికారులు మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్‌సన్‌ను అడిగారు. ఆయన బృందం తరగతుల్లో కూర్చుని చూసింది. పంతులు ప్రశ్న అడగడం, చేతులు లేపడం, ఒకడు గెలవడం, మిగతావాళ్లు ఓడడం – ఇదే అక్కడి ఆట. ఆరన్‌సన్ ఆ ఆటనే మార్చాడు. పిల్లల్ని అయిదారుగురి జట్లుగా చేశాడు. ప్రతి జట్టులోనూ అన్ని జాతుల పిల్లలూ ఉంటారు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. తన ముక్కను మిగతావాళ్లకు నేర్పేవాడు ఆ పిల్లవాడొక్కడే. పరీక్ష మొత్తం పాఠం మీద ఉంటుంది. ఇంగ్లీషు తడబడే మెక్సికన్ మూలాల పిల్లవాడిని మొదట జట్టు వెక్కిరించింది. వాడు చెప్పేది వినకపోతే పరీక్షలో తామే మునుగుతామని కొద్దిరోజుల్లో తెలుసుకుంది. ఎగతాళి మాని నెమ్మదిగా ప్రశ్నలడిగి రాబట్టడం నేర్చుకున్నారు. వారాల్లోనే ఒకరి మీద ఒకరికి ఇష్టం పెరిగింది, బడి ఎగ్గొట్టడం తగ్గింది, వెనకబడ్డ పిల్లల మార్కులు పెరిగాయి. జాతి మీద ఉపన్యాసం ఒక్కటీ లేదు.

దీనికి మూడేళ్ల ముందు, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్ 5న, అయోవాలోని రైస్‌విల్‌లో జేన్ ఇలియట్ అనే పంతులమ్మ మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి రెండుగా విడదీసింది. ఒకరోజు ఒక రంగువాళ్లు గొప్ప, ఇంకోరోజు రెండో రంగువాళ్లు గొప్ప. స్నేహితులు గంటల్లో శత్రువులయ్యారు. తక్కువ అన్న ముద్ర పడ్డ పిల్లలు చదువులోనూ వెనకబడ్డారు. ఊరు ఆమె మీద కోపం పెట్టుకుంది. పసివాళ్లను ఇలా బాధపెట్టవచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఎంత తేలిగ్గా విషం ఎక్కుతుందో ఇలియట్ చూపింది, దాన్ని దించే పని ఎంత ఓపికగా చేయాలో ఆరన్‌సన్ చూపాడు. నాకు రెండోది ఎక్కువ ఆశ ఇస్తుంది.

ఈ వరసలో మిసిసిపీ స్వాతంత్ర్య బడుల్ని మరువకూడదు. 1964 వేసవిలో చర్చిల్లో, చెట్ల కింద నలభైకి పైగా బడులు తెరిచారు. నల్లజాతి పిల్లలకు చరిత్రతోపాటు ప్రశ్నించడం నేర్పారు. మన పేట రోడ్డుకు తారు ఎందుకు లేదు, ఓటు ఎందుకు లేదు అన్నవే పాఠాలు. షికాగోలో వివియన్ పేలీ అనే కిండర్‌గార్టెన్ పంతులమ్మ ఎవరినీ ఆటలోంచి వెళ్లగొట్టకూడదని ఒక్క నియమం పెట్టింది. ఆ అనుభవాన్ని 1992లో పుస్తకంగా రాసింది. నియమం న్యాయమైనదే గానీ నడవదని పెద్ద తరగతుల పిల్లలు అన్నారు. చిన్నపిల్లలు మాత్రం నడిపి చూపించారు. బహిష్కరణ అలవాటయ్యేది ఆ వయసులోనే, దాన్ని మాన్పించగలిగేదీ ఆ వయసులోనే.

పుస్తకంలో ఎవరి ముఖం?

1962–64 మధ్య వెలువడిన 5,206 పిల్లల పుస్తకాలను నాన్సీ లారిక్ పరిశీలించి 1965లో ఒక వ్యాసం రాసింది. వాటిలో ఒక్క నల్లజాతి మనిషైనా కనబడేవి 349, అంటే 6.7 శాతం. ఎజ్రా జాక్ కీట్స్ ‘ది స్నోయీ డే’లో ఎర్రకోటు వేసుకుని మంచులో ఆడుకున్న నల్లపిల్లవాడి కథకు 1963లో, పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం రావడం ఎంత పెద్ద విషయమో ఈ అంకెల పక్కన పెడితే తెలుస్తుంది.

చరిత్ర పుస్తకాల గోడ ఇంకా ఎత్తు. జేమ్స్ లోవెన్, ఛార్లెస్ శాలిస్ సంపాదకత్వంలో 1974లో మిసిసిపీ చరిత్ర మీద కొత్త పాఠ్యపుస్తకం వచ్చింది. మూక హత్యల గురించి ఫొటోతో సహా చెప్పింది. రాష్ట్రం దాన్ని బడుల్లో పెట్టనన్నది. సంపాదకులు కోర్టుకెళ్లి 1980లో గెలిచారు. 1991లో అలబామాలోని మాంట్‌గమరీ నుంచి ‘టీచింగ్ టాలరెన్స్’ పథకం మొదలైంది. బడులకు ఉచితంగా పత్రికలు, చిత్రాలు, పాఠాలు పంపింది. 2002 నుంచి భోజనవేళ కొత్తవాళ్ల పక్కన కూర్చునే రోజును ప్రోత్సహించింది. 2021లో ఆ పథకం తన పేరును ‘లెర్నింగ్ ఫర్ జస్టిస్’గా మార్చుకుంది.

మన వాకిట్లోకి వచ్చిన చరిత్ర

2001 సెప్టెంబరు 11 తర్వాత తలపాగా చుట్టుకున్న సిక్కు పిల్లలు, ముస్లిం పిల్లలు, గోధుమ రంగున్న పిల్లలందరూ బడుల్లో మాటలు పడ్డారు. 2017 ఫిబ్రవరి 22న కన్సాస్‌లోని ఒలేథాలో ఒక తెలుగు ఇంజనీరును, ఇక్కడివాడు కాదంటూ ఒకడు కాల్చి చంపాడు. బ్రౌన్ కేసు పుట్టిన టొపీకా అక్కడికి కారులో గంట ప్రయాణం. వేరేవాళ్ల గొడవ అనుకుని మనం చూసిన చరిత్ర ఆ రోజు మన ఇళ్లలోకి వచ్చింది.

2020లో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపిన తర్వాత జాతి చరిత్రను ఇంకా నిజాయితీగా చెప్పాలన్న ఒత్తిడి పెరిగింది. దానికి ఎదురుగా 2021 నుంచి టెనెసీ, టెక్సస్, ఫ్లారిడా వంటి రాష్ట్రాలు బోధన మీద ఆంక్షల చట్టాలు చేశాయి. చేయని పాపానికి తమ పిల్లలు సిగ్గుపడాల్సి వస్తుందని కొందరు తల్లిదండ్రుల భయం. ఏ పిల్లవాడినీ పుట్టుకను బట్టి దోషిగా నిలబెట్టకూడదు, అందులో వాళ్లు చెప్పేది నిజమే. అయితే టెనెసీలో రూబీ బ్రిడ్జెస్ తన బాల్యం గురించి చిన్నపిల్లల కోసం రాసుకున్న పుస్తకం మీదే ఫిర్యాదు వచ్చింది. ఆరేళ్ల పాప భరించిన సంగతిని ఏడేళ్ల పిల్లలు వినకూడదనడం న్యాయం కాదు. అదే 2021లో ఇల్లినాయ్ ప్రతి ప్రభుత్వ బడిలోనూ ఆసియన్ అమెరికన్ల చరిత్ర చెప్పాలన్న తొలి రాష్ట్రమైంది. న్యూజెర్సీ దాని వెనకే నడిచింది. మన పిల్లలు తమ కథను బడి పుస్తకంలో చదువుకోగలుగుతున్నారంటే వుడ్‌సన్ వేసిన బాటే కారణం.

ఇక్కడే మనకు గట్టి పరీక్ష ఉంది. 2005–06లోనూ, మళ్లీ 2016లోనూ కాలిఫోర్నియా పాఠ్యపుస్తకాల్లో ప్రాచీన భారతం గురించి, కులం గురించి ఏం రాయాలన్న గొడవ జరిగింది. కులం ప్రస్తావన వల్ల తమ పిల్లలు ఎగతాళికి గురవుతారని కొన్ని హిందూ సంఘాలు వాదించాయి. ఆ ప్రస్తావన తీసేస్తే తమ చరిత్రను తుడిచేసినట్టేనని దళిత సంఘాలు వాదించాయి. పిల్లలు నొచ్చుకోకూడదన్న కోరిక సహజమే. కానీ బానిసత్వం గురించి నిజం చెప్పమని తెల్లవాళ్లను అడిగే హక్కు, కులం గురించి నిజం వినగలిగినవాళ్లకే దక్కుతుంది. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. ఆ చర్చ బడుల దాకా రాకుండా ఉండదు. మన పిల్లలు దాన్ని మన నోటి నుంచి, తల వంచకుండా, దాచకుండా వినాలి.

ఏది నిలిచింది

మూడు శతాబ్దాల ఈ దారిలో రాజ్యాలు, చట్టాలు, పాఠ్యప్రణాళికలు మారుతూ వచ్చాయి. సహనాన్ని మర్యాదగా మాత్రమే నేర్పిన పాఠాలు గాలికి పోయాయి. పిల్లల్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకరి సాయం ఒకరికి తప్పనిసరి చేసి, వాళ్ల మధ్య ఎచ్చుతగ్గులకు కారణమేమిటో దాచకుండా చెప్పినవి నిలిచాయి. ఈ మూడింటిలో ఏది తగ్గినా మిగతా రెండూ కుంటుపడ్డాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్‌లో బల్లే లేకుండా పోయింది. ఆస్టిన్‌లో మొదట బల్ల ఉంది, కలిసి చేసే పని లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ కాలంలో మర్యాద ఉంది, కారణం చెప్పే ధైర్యం లేదు.

ఈ లెక్కను తెలుగు రాష్ట్రాలకూ వేసి చూడాలి. ఇక్కడ పిల్లల్ని ఫీజు విడదీస్తోంది. ప్రభుత్వ బడికి కూలివాళ్ల పిల్లలు, ప్రైవేటు బడికి జీతగాళ్ల పిల్లలు, కార్పొరేట్ బడికి ఉన్నవాళ్ల పిల్లలు వెళుతున్నారు. ఇంట్లో పనిచేసే అమ్మ కూతురు ఏ బడిలో చదువుతోందో ఆ ఇంటి పిల్లలకు తెలియదు. ఆ పిల్లలకు పేదరికం గురించి ఎంత మంచి పాఠం చెప్పినా అది ఎవరో తెలియని మనుషుల కథే. విద్యాహక్కు చట్టం 2009లో ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు కేటాయించింది. సుప్రీంకోర్టు 2012లో దాన్ని సమర్థించింది. ఆ సీట్లు నింపమని అడగడం తల్లిదండ్రులుగా మన పని. చేరిన పిల్లల్ని వేరే సెక్షన్‌లో, వేరే పూటలో పెట్టకుండా చూడటం పంతుళ్ల పని. అలా చేరిన పిల్లని మన పిల్ల పుట్టినరోజుకు ఇంటికి పిలవడం అందరికంటే ముందు మనం చేయగలిగిన పని. దానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు.